అండర్‌గ్రౌండ్ హెవీ మెటల్: కొత్త బ్యాండ్లను, కొత్త విడుదలలను వెతికి పట్టుకునే పద్ధతి

"ఐరన్ మెయిడెన్, జూడాస్ ప్రీస్ట్, స్లేయర్ అన్నీ వినేశాను. ఇక ఏం వినాలి? చిన్న బ్యాండ్లను ఎక్కడ వెతకాలి?" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓ యాభై పేర్లు రాసి ఇవ్వొచ్చు. కానీ ఆ యాభై అయ్యాక మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నది వెతికే పద్ధతి.

ముందే ఒక మాట. యాప్ ఇచ్చే సజెషన్ల మీద ఆధారపడితే అండర్‌గ్రౌండ్ దొరకదు. ఎక్కువమంది విన్నదాన్నే యాప్ ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది. వంద క్యాసెట్లు వేసి అమ్ముకునే బ్యాండ్ దాని లెక్కలోకే రాదు. ఆ బ్యాండ్ దగ్గరికి తీసుకెళ్లేది మనుషుల పేర్లు: ఎవరు వాయించారు, ఎవరు రికార్డ్ చేశారు, ఎవరు విడుదల చేశారు. కింద చెప్పే పద్ధతి అంతా ఆ పేర్ల మీదే నడుస్తుంది.

## 1. మీకేం నచ్చుతుందో ముందు రాసుకోండి

బాగా నచ్చిన మూడు ఆల్బమ్‌లు తీసుకోండి. గొంతు, గిటార్, వేగం, రికార్డింగ్ ఎలా ఉన్నాయో ఒక్కోదానికి రెండు ముక్కలు రాయండి. "సూపర్‌గా ఉంది" అని రాస్తే వెతకడానికి పనికిరాదు. "గాయకుడు గొంతెత్తి పాడుతున్నాడు, రెండు గిటార్లు కలిసి మెలోడీ వాయిస్తున్నాయి, మధ్యస్థ వేగం" అని రాస్తే పనికొస్తుంది.

తర్వాత ఆ వివరణకు సరిపోయే పేరు ఎంచుకోండి. సైట్లలో వెతకడానికి ఈ పేర్లే కావాలి.

- గొంతెత్తి పాడటం, జంట గిటార్లు, కోరస్: ట్రెడిషనల్ హెవీ మెటల్. ఈ ధోరణిలో వాయించే కొత్త తరం బ్యాండ్లకు ఎన్‌డబ్ల్యూఓటీహెచ్‌ఎమ్ (న్యూ వేవ్ ఆఫ్ ట్రెడిషనల్ హెవీ మెటల్) అనే ట్యాగ్ ఉంటుంది.
- అదే ధోరణి, కానీ యుద్ధాలు, కత్తులు, పురాణ వాతావరణం: ఎపిక్ హెవీ మెటల్.
- వేగం, మొరటుతనం: స్పీడ్ మెటల్, థ్రాష్.
- నెమ్మది, బరువైన రిఫ్‌లు (తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరసలు): డూమ్.
- లోతైన గ్రౌల్ (గర్జనలా పాడటం), బాగా కిందికి ట్యూన్ చేసిన గిటార్లు: డెత్ మెటల్. 1990 ప్రాంతపు శబ్దం కావాలంటే ఓఎస్‌డీఎమ్ (ఓల్డ్ స్కూల్ డెత్ మెటల్) ట్యాగ్.
- కీచు గొంతు, గిటార్ల హోరు, చాలాసార్లు కావాలనే ఉంచిన మొరటు రికార్డింగ్: బ్లాక్ మెటల్.

మొదటి నెల ఒకటి లేదా రెండు పేర్లకే కట్టుబడండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ చెవికి పట్టదు.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

- బ్యాండ్‌క్యాంప్‌లో ఒక ఉచిత అకౌంట్. బ్యాండ్లు, లేబుళ్లు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే సైట్ ఇది.
- మెటల్ బ్యాండ్ల వివరాలుండే మెటల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఒక అకౌంట్. చూడటానికి అకౌంట్ అక్కర్లేదు, కానీ ఉంటే సొంత జాబితాలు దాచుకోవచ్చు.
- వీటి కోసమే ఒక కొత్త ఈమెయిల్. లేబుళ్ల (ఆల్బమ్‌లు విడుదల చేసే సంస్థల) న్యూస్‌లెటర్లు ఆఫీసు మెయిల్‌లోకి వస్తే రెండు వారాల్లో విసుగొచ్చి తీసేస్తారు.
- మామూలు వైర్డ్ హెడ్‌ఫోన్. బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆఫ్ చేయండి. బాస్ పెంచితే డెత్ మెటల్‌లో డ్రమ్, గిటార్ కలిసిపోయి ముద్దయిపోతాయి.
- ఒక నోట్‌బుక్, లేదా ఫోన్‌లో షీట్. నాలుగు గడులు చాలు: బ్యాండ్, ఊరు, ఎక్కడి నుంచి తెలిసింది, నా మాట.

మూడో గడి వదిలేయకండి. రెండు మూడు నెలల తర్వాత వెనక్కి చూస్తే మీకు మంచి బ్యాండ్లు ఏ దారిలో వచ్చాయో అదే చెబుతుంది.

వెతికే పని వీలైతే కంప్యూటర్ మీద చేయండి. కింద చెప్పే చాలా వివరాలు ఫోన్ యాప్‌లలో కనిపించవు, కనిపించినా పట్టుకోవడం కష్టం.

## 3. ఒక బ్యాండ్‌తో మొదలుపెట్టి తీగ లాగండి

ఈ మార్గదర్శిలో ముఖ్యమైన భాగం ఇదే. మిగతావి చదవకపోయినా ఇది ఒక్కటి చేసి చూడండి.

మెటల్ ఆర్కైవ్స్ 2002 నుంచి నడుస్తున్న మెటల్ బ్యాండ్ల జాబితా. అసలు పేరు ఎన్‌సైక్లోపీడియా మెటాలమ్. లక్షన్నరకు పైగా బ్యాండ్లున్నాయి. డెమో (ఆల్బమ్‌కు ముందు వేసే నమూనా రికార్డింగ్) ఒక్కటే వేసి ఆగిపోయినవి కూడా ఉంటాయి. అందులో మీకు నచ్చిన బ్యాండ్ పేజీ తెరిచి 'మెంబర్స్' విభాగానికి వెళ్లండి. ఒక్కో సభ్యుడి పేరు కింద చిన్న అక్షరాల్లో 'సీ ఆల్సో' అని ఉండి, ఆ మనిషి వాయించిన ఇతర బ్యాండ్లన్నీ వరసగా ఉంటాయి. తీగ అక్కడ దొరుకుతుంది. లాగితే డొంకంతా కదులుతుంది.

ఒక నిజమైన ఉదాహరణ చేసి చూపిస్తాను. టెక్సాస్‌లోని ఆస్టిన్ నుంచి వచ్చిన ఎటర్నల్ ఛాంపియన్ తీసుకుందాం. ఎపిక్ హెవీ మెటల్, మెయిడెన్ విన్న చెవికి వెంటనే పడుతుంది.

మొదటి అడుగు: సభ్యుల్లో ఆర్థర్ రిజ్క్ అనే పేరు ఉంటుంది. ఈయన వాయిద్యకారుడే కాదు, ప్రొడ్యూసర్ కూడా. ఆయన పేరు కింద సమర్‌ల్యాండ్స్ కనిపిస్తుంది. ఫిలడెల్ఫియా బ్యాండ్, అక్కడ ఆయన గిటార్ వాయిస్తాడు. ఇదీ హెవీ మెటలే, కాకపోతే కొంచెం దిగులు పాలు ఎక్కువ.

రెండో అడుగు: సమర్‌ల్యాండ్స్ డ్రమ్మర్ జస్టిన్ డెటోర్. ఆయన పేరు కింద చాలా బ్యాండ్లు వస్తాయి. వాటిలో మ్యాజిక్ సర్కిల్ హెవీ మెటల్, డూమ్ కలిసిన బ్యాండ్. ఇన్న్యూమరబుల్ ఫార్మ్స్ డెత్, డూమ్ కలిపి వాయిస్తుంది. డ్రీమ్ అన్ఎండింగ్ అనేది ఇద్దరే నడిపే బ్యాండ్.

మూడో అడుగు: డ్రీమ్ అన్ఎండింగ్‌లో రెండో మనిషి డెరిక్ వెల్లా. ఆయన టొరంటో డెత్ మెటల్ బ్యాండ్ టూమ్ మోల్డ్ గిటారిస్ట్.

నాలుగో అడుగు: డ్రీమ్ అన్ఎండింగ్, టూమ్ మోల్డ్, మ్యాజిక్ సర్కిల్ మూడింటి ఆల్బమ్‌లూ విడుదల చేసిన లేబుల్ ట్వంటీ బక్ స్పిన్. ఇక ఆ లేబుల్ బ్యాండ్లన్నీ మీ ముందుంటాయి.

కత్తుల హెవీ మెటల్‌తో మొదలై మూడు అడుగుల్లో టొరంటో డెత్ మెటల్‌కు, నాలుగో అడుగులో ఒక లేబుల్‌కు చేరాం. దారిలో ప్రతి బ్యాండ్‌కూ ముందుదానితో నిజమైన చుట్టరికం ఉంది. అందుకే ఈ దారిలో దొరికిన వాటిలో నచ్చేవి ఎక్కువ ఉంటాయి.

అదే పేజీలో 'సిమిలర్ ఆర్టిస్ట్స్' అనే విభాగం కూడా ఉంటుంది. యూజర్ల ఓట్లతో తయారయ్యే జాబితా అది. చిన్న బ్యాండ్లకు చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. ఓట్లున్నచోట పైన కనిపించేవి మీకు ముందే తెలిసిన పెద్ద పేర్లు. నన్నడిగితే దానికంటే 'మెంబర్స్' విభాగానికే ఎక్కువ సమయం ఇవ్వండి.

తీగ లాగేటప్పుడు చూడాల్సినవి:

- సభ్యుల పాత, ప్రస్తుత బ్యాండ్లు
- ప్రొడ్యూసర్, మిక్సింగ్, మాస్టరింగ్ చేసినవాళ్లు
- కవర్ బొమ్మ వేసిన చిత్రకారుడు
- లేబుల్
- ఊరు. ఒకే ఊరి బ్యాండ్లు స్టూడియోనూ డ్రమ్మర్‌నూ పంచుకోవడం మామూలే.
- స్ప్లిట్ విడుదల ఉంటే, అందులోని రెండో బ్యాండ్

స్ప్లిట్ అంటే రెండు బ్యాండ్లు ఒకే రికార్డును చెరో వైపు పంచుకోవడం. ఒకరి మీద ఒకరికి గౌరవం ఉంటేనే అలా కలిసి వేస్తారు. ఇంతకంటే నమ్మకమైన సిఫార్సు ఇంకొకటి ఉండదు.

## 4. అడ్వాన్స్‌డ్ సెర్చ్ వాడటం నేర్చుకోండి

మెటల్ ఆర్కైవ్స్‌లో బ్యాండ్ పేరు టైప్ చేయడం ఒక్కటే తెలిస్తే సగం సైట్ వాడనట్టే. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో బ్యాండ్లను దేశం, ఊరు, మొదలైన సంవత్సరం, శైలి, పాటల విషయాన్ని బట్టి వడకట్టొచ్చు. ఆల్బమ్‌లనైతే విడుదలైన నెలను బట్టి కూడా వడకట్టొచ్చు.

ఇలా చేయండి:

1. ఆల్బమ్‌ల సెర్చ్ తెరవండి.
2. శైలి దగ్గర మీరు ఎంచుకున్న పేరు రాయండి.
3. తేదీ దగ్గర గత రెండు నెలలు పెట్టండి.
4. రకం దగ్గర డెమో, ఈపీ (కొద్ది పాటల చిన్న విడుదల), ఫుల్ లెంగ్త్ (పూర్తి ఆల్బమ్) మూడూ ఎంచుకోండి.
5. ఇంకా ఎక్కువ వస్తే దేశం కూడా పెట్టండి.

దేశాన్ని బట్టి వెతకడం నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి. గ్రీస్, చిలీ, ఫిన్లాండ్, పోర్చుగల్ లాంటి ఏదో ఒక దేశం పట్టుకుని ఒక నెల అక్కడే ఉండండి. ఒక దేశపు శబ్దం చెవికి పట్టిన తర్వాత, అందులో కొత్త బ్యాండ్ చేసే చిన్న మార్పు కూడా తెలుస్తుంది.

ఈ సైట్ మెటల్ విషయంలో మడికట్టుకుని ఉంటుంది. ను-మెటల్, మెటల్‌కోర్ బ్యాండ్లు చాలావాటికి చోటివ్వరు. మీకు అవే ఇష్టమైతే రేట్ యువర్ మ్యూజిక్ సైట్‌లో సంవత్సరం, శైలి వారీ చార్టులు చూడండి.

## 5. ఐదారు లేబుళ్లు ఎంచుకోండి

చిన్న లేబుల్‌ను నడిపేది చాలాసార్లు ఒకరో ఇద్దరో. ఆ మనిషి అభిరుచి మీ అభిరుచితో కలిస్తే, వెతికే పని సగం ఆయనే చేసి పెడతాడు. మొదలుపెట్టడానికి కొన్ని:

- నో రిమోర్స్, ఏథెన్స్: ఎపిక్, ట్రెడిషనల్ హెవీ మెటల్. ఎటర్నల్ ఛాంపియన్‌ను విడుదల చేసింది వీళ్లే.
- క్రూజ్ డెల్ సుర్, రోమ్: హెవీ మెటల్, డూమ్.
- డయింగ్ విక్టిమ్స్, జర్మనీ: హెవీ, స్పీడ్ మెటల్.
- డార్క్ డిసెంట్, అమెరికా: డెత్ మెటల్. ఎపిక్ డూమ్ వాయించే క్రిప్ట్ సర్మన్ కూడా ఇక్కడే.
- ఐరన్ బోన్‌హెడ్, జర్మనీ: బ్లాక్, డెత్. బాగా మొరటు సరుకు, మొదటి నెలలోనే వెళ్లకండి.
- ట్రాన్సెండింగ్ అబ్స్క్యూరిటీ, ముంబై: డెత్, డూమ్, బ్లాక్. మన దేశం నుంచి నడుస్తూ ప్రపంచమంతటి బ్యాండ్లను విడుదల చేస్తున్న లేబుల్.

లేబుళ్లు అప్పుడప్పుడు ఒక్కో బ్యాండ్ నుంచి ఒక్కో పాట తీసి, ఉచితంగానో 'మీకు తోచినంత ఇవ్వండి' పద్ధతిలోనో శాంప్లర్ వేస్తాయి. బ్యాండ్‌క్యాంప్‌లో లేబుల్ పేరుతో పాటు శాంప్లర్ అని వెతకండి. ఒక సాయంత్రంలో లేబుల్ మొత్తం ఏమిటో తెలిసిపోతుంది.

ఐదారు లేబుళ్లకు మించి ఫాలో అవ్వకండి. ఇరవై అయితే మెయిల్ తెరవడమే మానేస్తారు.

## 6. బ్యాండ్‌క్యాంప్‌లో చూడాల్సిన చోటు

చాలామంది ట్యాగ్ నొక్కి పైనున్న బెస్ట్ సెల్లింగ్ జాబితా విని ఆగిపోతారు. అవి అప్పటికే అందరికీ తెలిసినవి. జాబితాను 'కొత్తవి' మీదికి మార్చండి.

అసలు నిధి వేరే చోట ఉంది. ఆల్బమ్ పేజీలో కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. కొందరు తమకు నచ్చిన పాట పేరు, రెండు వాక్యాల అభిప్రాయం కూడా రాస్తారు. శ్రద్ధగా రాసినవాళ్ల బొమ్మ నొక్కితే వాళ్లు కొన్న ఆల్బమ్‌లన్నీ కనిపిస్తాయి.

ఆ కలెక్షన్‌లో మీ దగ్గరున్నవి, మీకు నచ్చినవి నాలుగైదు కనిపిస్తే ఆ మనిషిని ఫాలో చేయండి. ఇకపై వాళ్లు ఏది కొన్నా మీ ఫీడ్‌లో కనిపిస్తుంది. మీలాంటి చెవి ఉన్న పదిమంది దొరికితే చాలు, ఏ యాప్ సజెషనూ దానికి సాటిరాదు.

యూట్యూబ్‌లో కూడా ఇలా నమ్మదగిన చానెళ్లున్నాయి. హెవీ మెటల్‌కు ఎన్‌డబ్ల్యూఓటీహెచ్‌ఎమ్ ఫుల్ ఆల్బమ్స్, బ్లాక్ మెటల్‌కు బ్లాక్ మెటల్ ప్రమోషన్, డూమ్‌కు 666 మిస్టర్‌డూమ్. ఆల్బమ్ నచ్చితే కింద వివరణలో ఉన్న బ్యాండ్ లింక్ నొక్కి బ్యాండ్‌క్యాంప్‌లో ఫాలో చేయండి. అక్కడే వదిలేస్తే రేపటికి పేరు కూడా గుర్తుండదు.

## 7. కొత్త విడుదలలకు వారం వారం చేసే పని

ప్రపంచవ్యాప్తంగా ఆల్బమ్‌లు ఎక్కువగా శుక్రవారం విడుదలవుతాయి. పనిని దాని చుట్టూ సర్దుకోండి.

గురువారం రాత్రి: మెటల్ ఆర్కైవ్స్ మొదటి పేజీలో రాబోయే ఆల్బమ్‌ల జాబితా ఉంటుంది. శైలి గడి మాత్రమే చూస్తూ కిందికి వెళ్లండి. ఐదు పేర్లు రాసుకోండి.

శుక్ర, శని: ఆ ఐదింటిలో ఒక్కో పాట వినండి. రెండు మిగిల్చుకోండి.

ఆదివారం: ఆ రెండింటినీ పూర్తిగా వినండి.

నెలకోసారి డూమ్ చార్ట్స్ లాంటి జాబితా చూడండి. డూమ్, దానికి దగ్గరి శైలి అయిన స్టోనర్ ఇష్టమైనవాళ్లకు అది చాలా నమ్మకమైనది. మెటల్ సంగీత పండగలు జరిపేవాళ్ల పోస్టర్లు కూడా తెరిచి చూడండి. సంప్రదాయ హెవీ మెటల్‌కు జర్మనీలో కీప్ ఇట్ ట్రూ, డూమ్‌కూ ప్రయోగాలకూ నెదర్లాండ్స్‌లో రోడ్‌బర్న్. పోస్టర్‌లో పై వరస వదిలేయండి. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లే మనకు కావాలి. జర్మనీలోనో అమెరికాలోనో ఉంటున్న మనవాళ్లు చేతనైతే నేరుగా వెళ్లండి. స్టేజీ పక్కన రికార్డులు, టీ-షర్టులు అమ్మే మెర్చ్ టేబుల్ దగ్గర చాలాసార్లు బ్యాండ్ సభ్యులే నిలబడి ఉంటారు. "మీరు ఇప్పుడు ఎవర్ని వింటున్నారు?" అని అడగండి. సంతోషంగా చెబుతారు.

## 8. వినడానికీ ఒక వరస ఉంది

కొత్త బ్యాండ్ దొరకగానే మొదటి డెమో నుంచి మొదలుపెట్టకండి. కొత్త ఆల్బమ్ ముందు వినండి. నచ్చితే మొదటి ఆల్బమ్, ఆ తర్వాత డెమోలు.

మొదటిసారి వేరే పని చేసుకుంటూ వినండి. రెండోసారి హెడ్‌ఫోన్‌తో, లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని. మూడోసారి రెండు రోజుల తర్వాత. మూడోసారి వినేముందు ఒక్క రిఫ్ కూడా గుర్తుకు రాకపోతే వదిలేయండి, మొహమాటం అక్కర్లేదు.

గ్రౌల్ కొత్తైతే మొదట డ్రమ్ మీద, తర్వాత గిటార్ మీద దృష్టి పెట్టండి. గొంతును కూడా ఒక వాయిద్యంగానే వినండి. మాటలు అర్థం కావాలని పట్టుబడితే తలనొప్పే మిగులుతుంది.

## 9. మన దగ్గర ఎక్కడ వెతకాలి

మెటల్ ఆర్కైవ్స్‌లో దేశం ఇండియా పెట్టి, ఊరు మార్చుకుంటూ పోండి. హైదరాబాద్ పెడితే గాడ్‌లెస్ దొరుకుతుంది. హైదరాబాద్, బెంగళూరు సభ్యులున్న డెత్ మెటల్ బ్యాండ్, 2021లో పూర్తి ఆల్బమ్ వేసింది. థ్రాష్ నుంచి డెత్ మెటల్‌కు రావాలనుకునేవాళ్లకు మంచి మెట్టు.

బెంగళూరులో సరుకు చాలా ఉంది. 1998 నుంచి ఉన్న క్రిప్టోస్ పక్కా హెవీ మెటల్, 2013లో జర్మనీలోని వాకెన్ పండగలో వాయించింది. బెవార్ సీ స్టోనర్ డూమ్. ద్వేష కన్నడంలో పాడే డెత్ మెటల్ బ్యాండ్, మన పక్క భాష గ్రౌల్‌లో ఎలా ఉంటుందో వినాల్సిందే. కోల్‌కతా వైపు వెళ్తే టెట్రాగ్రమాసైడ్, కపాల లాంటి భీకరమైన బ్లాక్, డెత్ బ్యాండ్లున్నాయి. ఇవి అలవాటుపడ్డ చెవులకే.

ప్రత్యక్షంగా చూడాలంటే 2012లో మొదలైన మెటల్ పండగ బెంగళూరు ఓపెన్ ఎయిర్ మీద కన్నేసి ఉంచండి. హైదరాబాద్‌లో చిన్న గిగ్‌లు (ప్రదర్శనలు) హడావుడి లేకుండా జరిగిపోతాయి. బ్యాండ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు ఫాలో అయితేనే తెలుస్తాయి. ఓపెనింగ్ బ్యాండ్ మొదలయ్యే సమయానికే వెళ్లండి.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

ఒకే పేరుతో వేరే బ్యాండ్ వినడం. గాడ్‌లెస్ అనే పేరుతోనే చాలా దేశాల్లో బ్యాండ్లున్నాయి. స్ట్రీమింగ్ యాప్‌లు కొన్నిసార్లు వాటన్నిటినీ ఒకే పేజీలో కలిపేస్తాయి. మెటల్ ఆర్కైవ్స్‌లో దేశం, ఆల్బమ్ పేర్లు సరిచూసుకుని, అక్కడి లింక్ ద్వారానే వెళ్లండి.

రేటింగ్ చూసి వదిలేయడం. చిన్న బ్యాండ్‌కు రెండే రివ్యూలుంటాయి. అందులో ఒకటి కోపంతో రాసినదైతే సగటు పడిపోతుంది. అంకె కాదు, రివ్యూలో రాసిన వివరణ చదవండి. తిట్టిన కారణమే మీకు నచ్చే కారణం కావచ్చు.

సేవ్ చేసి వినకపోవడం. విష్‌లిస్ట్ ఇరవై దాటిందంటే కొత్తవి వెతకడం ఆపండి. ఉన్నవి విని సగం తీసేయండి.

రికార్డింగ్ బాగోలేదని ముప్పై సెకన్లలో ఆపేయడం. కనీసం ఒక పాట పూర్తిగా వినండి. మొరటు శబ్దం వెనక రిఫ్ వినిపించడానికి చెవికి కాస్త టైమ్ కావాలి.

బ్యాండ్ వెనక ఏముందో చూడకపోవడం. ముఖ్యంగా బ్లాక్ మెటల్‌లో నాజీ భావజాలాన్ని మోసే బ్యాండ్లు, వాళ్ల సరుకు అమ్మే లేబుళ్లు ఉన్నాయి. కొనేముందు మెటల్ ఆర్కైవ్స్‌లో 'థీమ్స్' గడి చదవండి. సభ్యుల ఇతర బ్యాండ్లను, లేబుల్‌లోని మిగతా పేర్లను కూడా చూడండి. ఇది ఐదు నిమిషాల పని. మన డబ్బు ద్వేషం నూరిపోసేవాళ్ల చేతికి చేరకూడదు కదా.

కంప్యూటర్ అల్లిన నకిలీ బ్యాండ్‌ను నమ్మడం. సభ్యుల పేర్లు లేవు, ఊరు లేదు, గిగ్ ఫోటో ఒక్కటీ లేదు, కానీ ఏడాదిలో ఆరు ఆల్బమ్‌లు వచ్చాయంటే అనుమానించండి. పేర్లు దాచుకునే నిజమైన ఒంటరి బ్లాక్ మెటల్ ప్రాజెక్టులూ ఉంటాయి కాబట్టి లేబుల్, క్యాసెట్ విడుదల, ఇంటర్వ్యూ లాంటి ఆధారం ఏదైనా ఉందేమో చూసి నిర్ణయించుకోండి.

## 11. కొనేటప్పుడు

నచ్చిన బ్యాండ్ నుంచి నెలకు ఒక్క ఆల్బమ్ కొన్నా వాళ్లకు అది పెద్ద సాయం. బ్యాండ్‌క్యాంప్ మామూలుగా డిజిటల్ అమ్మకాల మీద 15%, వస్తువుల మీద 10% తన వాటాగా తీసుకుంటుంది. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా వదులుకుంటోంది. వాటినే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అంటారు. ప్రతి నెలా ఉండదు, తేదీలు ముందే ప్రకటిస్తారు.

కొనేముందు చూసుకోండి:

- బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపులు ఆన్ చేశారా? పేమెంట్ ఫెయిలైతే మొదట చూడాల్సింది ఇదే. పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేయండి.
- డౌన్‌లోడ్ ఫార్మాట్ ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఫైల్) ఎంచుకున్నారా? దాన్నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎంపీ3 నుంచి ఫ్లాక్ నాణ్యత రాదు.
- సీడీ, వినైల్, టీ-షర్ట్ అయితే రవాణా ఖర్చు ఎంత? విదేశం నుంచి ఒక్క రికార్డు తెప్పిస్తే రవాణాయే రికార్డు ధరను దాటొచ్చు, పైన కస్టమ్స్ పడొచ్చు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే లేబుల్ నుంచి ఆర్డర్ పెట్టండి.
- అదే రికార్డు ఇండియాలో ఏదైనా లేబుల్ దగ్గరో, వేరే లేబుళ్ల రికార్డులు అమ్మే డిస్ట్రో దగ్గరో ఉందా?
- బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అయితే టైమ్ చూశారా? అది అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం నడుస్తుంది. మనకు అమెరికాలో వేసవి కాలమానం ఉండే నెలల్లో (మార్చి మధ్య నుంచి నవంబర్ మొదటి దాకా) శుక్రవారం మధ్యాహ్నం 12:30కి, మిగతా నెలల్లో 1:30కి మొదలై, శనివారం అదే సమయానికి ముగుస్తుంది. శుక్రవారం పొద్దున్నే లేచి కొంటే వాటా మినహాయింపు బ్యాండ్‌కు దక్కదు.